ఇంత క్రమం ఎవరు పెట్టారు? నెల్లూరు తీరం వెంట రెండు రోజులు

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే ఫార్వర్డులు మీ గ్రూపుల్లోనూ తిరుగుతూనే ఉంటాయి. సముద్రం మీద సూర్యోదయం ఫొటో. కింద నాలుగు లైన్లు: సూర్యుడు టైముకి వస్తాడు, ఋతువులు వరస తప్పవు, గింజలో చెట్టు దాక్కుని ఉంటుంది, ఇంత క్రమం దానంతటదే వచ్చిందా, దీని వెనక దేవుడు లేడంటారా? మామూలుగా అయితే దాని కింద పది దణ్ణం ఎమోజీలు పడి కథ అక్కడితో అయిపోతుంది. ఈసారి మా పిన్ని కొడుకు, బీటెక్ థర్డ్ ఇయర్, ఒకే లైన్ కొట్టాడు: "క్యాన్సర్ కణం కూడా క్రమంగానే పెరుగుతుంది కదా పెద్దమ్మా." అంతే. రెండు రోజులు గ్రూపు అట్టుడికిపోయింది. ఇద్దరు లెఫ్ట్ అయ్యారు. ఒకరికి బీపీ పెరిగిందని కూడా విన్నాను.

నాకైతే ఇద్దరి మాటలోనూ పస ఉందనిపించింది. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి, ఫిబ్రవరి ఆఖర్లో రెండు రోజులు సెలవు పెట్టి చెన్నైలో సూళ్లూరుపేట లోకల్ రైలెక్కాను. అక్కడికే ఎందుకంటే, సూళ్లూరుపేట నుంచి నెల్లూరు దగ్గర మైపాడు దాకా ఉన్న తీరంలో ఈ ప్రశ్నకి కావలసిన సరంజామా అంతా ఒకే సీజన్లో దొరుకుతుంది. రాకెట్లు, ఫ్లెమింగోలు, గూడబాతులు, రొయ్యల చెరువులు, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, పక్షులకి ఆ జీవో అందలేదు. మాట్లాడే మనుషులు ఇప్పటికీ అంతా నెల్లూరే అంటారు. పైగా మా మామ అక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాటింది రొయ్యల సాగు మొదలుపెట్టి. స్టేషన్ బయట బండి మీద రెడీగా కూర్చుని ఉన్నాడు.

మొక్కు దేనికి?

ముందు చెంగాళమ్మ గుడికే తీసుకెళ్లాడు. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. రాత్రీ పగలూ తెరిచే ఉండే గుడి అది. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు వచ్చి పూజ చేయించుకునేది ఇక్కడే. 2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు అప్పటి ఛైర్మన్ సోమనాథ్ ఇక్కడికి వచ్చారు. శాస్త్రవేత్తల బృందం ఒకటి బుల్లి నమూనా పట్టుకుని తిరుమల వెళ్లింది. అలాంటి ఫొటో బయటికొచ్చిన ప్రతిసారీ మన ఫీడ్‌లో రెండు గుంపులు తయారవుతాయి. ఒక గుంపు "సైంటిస్టులై ఉండి ఇదేం పని" అంటుంది. రెండోది "చూశారా, సైంటిస్టులే మొక్కుతున్నారు" అంటుంది.

రెండు గుంపులూ వదిలేసే సంగతి ఒకటుంది. వాళ్లు అక్కడ నిలబడి ఏం కోరుకుంటారు? "అమ్మా, ఈరోజు భూమ్యాకర్షణ సరిగ్గా పనిచేసేట్టు చూడు" అని ఎవరూ మొక్కరు కదా. అది పనిచేస్తుందని వాళ్లకి అనుమానమే లేదు. అసలు శ్రీహరికోటని ఎంచుకున్నదే ఆ నమ్మకం మీద. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ ఆ వేగం ఎక్కువ. సుమారు 13.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఈ దీవి నుంచి తూర్పుకి వదిలిన రాకెట్‌కి సెకనుకి 450 మీటర్ల వేగం భూమి ఉచితంగా ఇస్తుంది. ఎదురుగా సముద్రం, తేడా వస్తే పడినా ఎవరి ఇంటి మీదా పడదు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రోహిణి రాకెట్ ఇక్కడి నుంచి లేచిన దగ్గర్నుంచీ ఇదే లెక్క. చంద్రయాన్-3 జులై 14 మధ్యాహ్నం 2.35కి బయల్దేరి, ఆగస్ట్ 23 సాయంత్రం 6.04కి చంద్రుడి మీద దిగింది. ఫలానా సాయంత్రం దిగుతుందని ముందే చెప్పి దింపారు. మన ఊరి బస్సు గురించి అంత ధీమాగా చెప్పలేం. ఫార్వర్డు రాసినాయన చెప్పే క్రమానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదు.

మరి మొక్కు దేనికి? 1979 ఆగస్ట్ 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. లేచిన ఐదు నిమిషాలకి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశలో కంట్రోల్ వ్యవస్థకి చెందిన ఒక వాల్వు దగ్గర యాసిడ్ కారిపోవడమే కారణమని తేల్చారు. గమనించండి, ఆ రోజు ప్రకృతి నియమం ఒక్కటి కూడా తప్పలేదు. కారిన యాసిడ్ కూడా నియమం ప్రకారమే కారింది. రాకెట్ కూడా నియమం ప్రకారమే పడింది. అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టేది నియమాల కోసం కాదు, ఆ వాల్వు కోసం.

మామతో ఈ మాటే అంటే నవ్వాడు. "పడవోళ్లదీ అంతే అల్లుడూ. పోటు ఎప్పుడొస్తాదో, పాటు ఎప్పుడో వాళ్లకి చెప్పే పన్లేదు. అమాసకి ఎట్టుంటాది, పున్నానికి ఎట్టుంటాది, అంతా లెక్కే. పోటు రావాలని ఎవురన్నా గంగమ్మకి మొక్కుతారా? పడవ తిరిగి రావాలని మొక్కుతారు."

అంటే ఫార్వర్డులోని దేవుడూ, చెంగాళమ్మా, గంగమ్మా ఒకే పని మీద లేరు. ఫార్వర్డు దేవుడు అన్నీ పద్ధతిగా జరుగుతున్నాయి కాబట్టి ఉన్నాడు. ఈ అమ్మలు, ఏం జరుగుతుందో మన చేతిలో లేదు కాబట్టి ఉన్నారు. గ్రూపులో గొడవపడినవాళ్లంతా మొదటి దేవుడి గురించి వాదించుకుంటూ, మనసులో రెండో దేవుణ్ని పెట్టుకున్నారేమో.

మూసుకోని ముక్కు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో నుంచే పోతుంది. రెండువైపులా నీళ్లు, బురద, ఉప్పు వాసన. దేశంలో చిల్కా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. అటకానితిప్ప దగ్గర బండి ఆపితే దూరంగా ఎవరో గులాబీ రంగు గీత గీసినట్టు ఫ్లెమింగోలు. జూమ్ చేయకండి, ఫోన్లో పాడైపోతుంది, కళ్లతో చూసుకోండి. ఆ రంగు వాటిది కాదు. తినే నాచు, చిన్న రొయ్య జీవుల్లో ఉండే కెరోటినాయిడ్లు ఈకల్లోకి చేరి ఆ రంగు వస్తుంది. ఆ తిండి లేని చోట పెంచితే వెలిసిపోతాయి. రంగు వేసిన చిత్రకారుడు ఎవరంటే, సరస్సే.

అక్కడి నుంచి వెనక్కొచ్చి హైవే ఎక్కి, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టుకి వెళ్లాం. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే చెట్లు, వాటి నిండా గూళ్లు. గూడబాతులంటే పెలికాన్లు, వాటికి ఇది దేశంలోనే పేరున్న స్థావరం. నేను మాత్రం పెలికాన్ల కోసం కాదు, వాటి పక్కన పెద్ద పోజు లేకుండా నిలబడ్డ ఇంకో పక్షి కోసం వెళ్లాను. నత్తగుల్ల కొంగ. దీని ముక్కు మూసినా మూసుకోదు. పై దవడకీ కింది దవడకీ మధ్యలో సందు ఉంటుంది, కొసలు మాత్రం కలుస్తాయి. మొదటిసారి చూస్తే పాపం ఏదో దెబ్బ తగిలిందనుకుంటాం. దాని తిండి నత్తలు. నున్నగా, గుండ్రంగా, జారిపోయే నత్తని నీళ్లలో పట్టుకుని, గుల్ల పగలగొట్టకుండానే కొసతో లోపలి కండని తెంపి బయటికి లాగేస్తుంది. సర్జన్ చేతిలో పరికరం లాంటి ముక్కు. మనలో ఎవరికైనా ఆ క్షణంలో వచ్చే మాట ఒకటే: దీన్ని ఎవరో ఈ పని కోసమే చేశారు.

ఈ మాట మన ఫార్వర్డుల కంటే చాలా పాతది. కుండని చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలుస్తుంది. మొలక కూడా కుండలాగే ఒకప్పుడు లేక, తర్వాత వచ్చిందే. కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి, ఆయనే ఈశ్వరుడు. ఇది న్యాయశాస్త్రం వాళ్ల వాదం. మిథిలకి చెందిన ఉదయనుడు వెయ్యేళ్ల కింద న్యాయకుసుమాంజలి అనే గ్రంథాన్నే దీని కోసం రాశాడు. ఇవాళ్టికీ సంస్కృత విద్యార్థులు తర్కంలో మొదట పట్టుకునే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, 17వ శతాబ్దం మనిషి. ఆయనా ఈ దారిలోనే నడిచాడు. ఇంగ్లండ్‌లో విలియం పేలీ 1802లో కుండ బదులు గడియారం పెట్టి అదే చెప్పాడు: పొలంలో గడియారం దొరికితే అది రాయిలా ఊరికే పడి ఉందని ఎవరంటారు?

1859లో డార్విన్ వచ్చి వేరే లెక్క చెప్పాడు. నత్తగుల్ల కొంగ పూర్వీకులన్నిటి ముక్కులూ ఒకేలా ఉండవు. కొన్నిటికి కొంచెం వంకర, కొన్నిటికి కొంచెం సందు. నత్తలు దండిగా ఉన్న చెరువులో ఏ వంకర వల్ల పట్టు బాగా కుదిరిందో ఆ పక్షి పిల్లలు ఎక్కువ బతికాయి. తరాల మీద తరాలు అదే జల్లెడ. చివరికి చూసే మనకి ఎవరో కొలిచి చేసినట్టు కనిపిస్తుంది. ఇంకో ముచ్చట, ఈ కొంగ పిల్లలకి ఆ సందు ఉండదు. ముక్కు మామూలుగానే మూసుకుంటుంది, పెరిగే కొద్దీ సందు ఏర్పడుతుంది. నేలపట్టులో ఆ సీజన్లో పిల్లల ముక్కూ తల్లి ముక్కూ పక్కపక్కనే చూడొచ్చు. బైనాక్యులర్స్ తెచ్చుకోండి.

కాబట్టి ముక్కు వరకూ కుమ్మరి అక్కర్లేదు. ఇది నా అభిప్రాయం కాదు, జీవశాస్త్రం ఒప్పుకున్న సంగతి. అయితే ఇక్కడితో నాస్తికులు గెలిచారని స్కోరు వేసేయకండి, ఆట ఇంకా ఉంది.

ఒక చిన్న పక్కదారి. సైన్స్ చదివితే ఇటు, చదవకపోతే అటు అని మనం అనుకుంటాం. గోరా అని పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు బాటనీ లెక్చరర్. మొక్కల క్రమం గురించి క్లాసులో పాఠాలు చెప్పినాయనే 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. అదే తర్వాత విజయవాడకి మారింది. కలాం ఈ తీరంలోనే రాకెట్లు కట్టాడు, దేవుణ్ని నమ్మాడు, దాచుకోలేదు. ఇద్దరి ముందూ ఉన్న ప్రకృతి ఒకటే. అంటే క్రమం ఒక్కటే మనిషిని ఇటో అటో తోసెయ్యదు, మధ్యలో ఇంకేదో ఉంది.

నేలపట్టులో ఆ "ఇంకేదో" కొంచెం కనిపిస్తుంది కూడా. పక్షుల రెట్ట చెరువులో కలుస్తుంది. ఆ నీళ్లు పొలాలకి పారితే ఎరువు వేసినట్టే. అందుకే ఊరివాళ్లు ఈ పక్షుల్ని ఇంటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు, రాకపోతే అశుభం అనుకుంటారు. పక్షికి గూడు, చెరువుకి బలం, వరికి ఎరువు. దీన్ని ఫార్వర్డులో పెడితే దేవుడి ఏర్పాటు అంటారు. పుస్తకంలో పెడితే ఎకాలజీ అంటారు. కానీ అది తెగకుండా ఉన్నది, ఎవరూ గులేరు పట్టుకుని రాకుండా తరాల తరబడి ఊరు కాపలా ఉండబట్టి.

మామ చెరువు దగ్గర

సాయంత్రానికి ఇందుకూరుపేట వైపు మామ చెరువుల దగ్గరికి చేరాం. ఏరేటర్లు తిరిగే చప్పుడు, మేత వాసన. అత్త చేపల పులుసు పంపింది, మామిడికాయ వేసి. తింటూ ఉండగా నేను మా పిన్ని కొడుకు మెసేజ్ చూపించాను. మామ రెండుసార్లు చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు. కాసేపు మాట్లాడలేదు.

1990ల మొదట్లో ఈ తీరంలో టైగర్ రొయ్య అంటే బంగారం. మామ అప్పుడే పెళ్లయినవాడు. అప్పు తెచ్చి నాలుగు చెరువులు లీజుకి తీసుకున్నాడు. మొదటి పంట దంచేసింది. తర్వాత వైట్ స్పాట్ వచ్చింది. 1994, 95 ప్రాంతంలో నెల్లూరు రొయ్యల రైతుల నడ్డి విరిచింది ఈ వైరసే. చెరువులోని రొయ్యలు మందగించి గట్టు పక్కకి చేరతాయి. పైపెంకు తీసి చూస్తే లోపలివైపు తెల్లటి చుక్కలు. అవి కనిపించాక వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ.

"పొద్దున్నే పోయినా. గట్టెంట అంతా తేలి ఉండాయి. వలేస్తే వల ఎత్తలేకపోయినాం, అన్నీ సచ్చినవే," అన్నాడు మామ. రెండెకరాల సొంత మాగాణి, అత్త నగలు, ఆ ఏడాదితో పోయాయి. "ఆ పొద్దు గట్టు మీదకి ఒక పెద్దమనిషి వచ్చినాడు. అంతా ఆయన లీల నాయనా, ఆయన లెక్క ఆయనకుంటాది అన్నాడు. చెయ్యి లేచింది అల్లుడూ. పెద్దాయన గదా అని ఊరుకున్నా."

ఆ వైరస్ గురించి తర్వాత చదివాను. దాని జన్యువు సుమారు 3 లక్షల అక్షరాల పొడవు. వైరస్‌లలో అది పెద్దదే. కోడిగుడ్డు ఆకారం, చివర తోక లాంటి భాగం, పొర మీద పొర. రొయ్య కణంలోకి దూరి, దాని యంత్రాంగాన్నే వాడుకుని తన కాపీలు తీయించుకుంటుంది. నిజాయితీగా చెప్పాలంటే, నత్తగుల్ల కొంగ ముక్కు కంటే ఇదే గొప్ప పనితనం. ముక్కు చూసి కుమ్మరిని పొగిడితే, వైరస్ చూసి కూడా ఆయన్నే పొగడాలి. సూర్యోదయం ఫొటోకి లైక్ కొట్టి, మామ వలని క్రాప్ చేయడం కుదరదు.

ఈ చిక్కు ఏడో శతాబ్దపు కుమారిల భట్టుకే తెలుసు. ఆయన నాస్తికుడు కాదు, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకుడు. అయినా లోకానికి ఒక సృష్టికర్త ఉన్నాడన్న మాట ఒప్పుకోలేదు. దయతో సృష్టించాడంటారా, సృష్టికి ముందు ఎవరున్నారని దయ చూపడానికి? దయే అయితే అంతా సుఖమే చేసి ఉండాలి కదా? ఇదీ ఆయన వరస. మా పిన్ని కొడుకు ఒక లైన్లో కొట్టింది, ఆయన శ్లోకాల్లో ఎప్పుడో కొట్టేశాడు. దేవుణ్ని ప్రశ్నిస్తే మన సంప్రదాయం కాదు అనే పెద్దమ్మలకి ఈ పేరు గుర్తు చేయొచ్చు.

అయితే పిన్ని కొడుకు లైన్ కూడా సగం పనే చేస్తుంది. మంచి మనసున్న కుమ్మరి కొలత పెట్టి అన్నీ మన కోసం చేశాడు అన్న మాటకి అది గట్టి దెబ్బ. కానీ అసలు నియమాలు ఎందుకున్నాయి అన్నదాన్ని అది ముట్టుకోలేదు. డార్విన్ జల్లెడ పనిచేయాలంటే ముందు కెమిస్ట్రీ నిలకడగా ఉండాలి, తల్లి లక్షణం పిల్లకి రావాలి. చంద్రయాన్ లెక్క నిలవాలంటే ఇవాళ్టి ఆకర్షణ సూత్రం రేపూ ఉండాలి. ఈ నిలకడ ఎక్కడిది? సైన్స్ దాని మీద నిలబడి పనిచేస్తుంది, దాని కిందికి తవ్వి చూపించదు. అక్కడ దేవుడు అనేవాళ్లున్నారు. అది అంతే, దానికి వెనక ఏమీ అక్కర్లేదు అనేవాళ్లున్నారు. నేను అక్కడ ఆశ్చర్యపోవడం దాకా వెళ్లగలను, ఆ ఆశ్చర్యానికి పేరు పెట్టి కింద సంతకం చేయలేను. చేసినవాళ్లని మాత్రం తక్కువ చేయను. ఒకటి చెప్పగలను: ఆ నిలకడ నుంచి, వైరస్ పంపనివాడూ, పరీక్ష పాస్ చేయించేవాడూ అయిన దేవుడి దాకా రోడ్డు లేదు. ఆ ముక్క దాటించేది వాదం కాదు, ఇంకేదో.

"మరి నువ్వు నమ్ముతావా మామా?" అని అడిగాను. చెరువు మూల చిన్న రాయికి పసుపు పూసి ఉంది, పక్కనే కొబ్బరి చిప్ప. ఆ పక్కనే షెడ్‌లో పీసీఆర్ టెస్ట్ రిపోర్టుల ఫైల్. ఇప్పుడు వేసేది వనామి, 2009 తర్వాత వచ్చిన రకం. వైరస్ లేదని ల్యాబ్ చెప్పకుండా పిల్లని చెరువులో వదలడు.

"నమ్మతా. కానీ ఆయన చేసినాడని నేననను. ఆయన నాతో ఉండాడంటా. రెండూ ఒకటి కాదు గదా."

అత్త సంగతి వేరు. ఆ పంట పోయాక మూడేళ్లు ఇంట్లో దీపం పెట్టలేదట. మళ్లీ ఎందుకు మొదలుపెట్టిందో ఆ రాత్రి ఇంటికెళ్లి అడిగాను. ఎవరైనా స్వామీజీ, ఏదైనా మహిమ ఉంటుందనుకున్నా. అత్త గిన్నెలు సర్దుతూ, "ఏమో నాయనా, సందేళకి ఇల్లు మరీ చీకటిగా ఉండాదనిపించింది," అంది.

లైట్లు

రెండో రోజు మైపాడు. పగలు బీచ్ మామూలే, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు, సెల్ఫీలు. అలల దాకా నడిస్తే ఒక చచ్చిన తాబేలు కనిపించింది. ఆలివ్ రిడ్లే. ఇవి ఊపిరి తీసుకోడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే రాలేవు, నీళ్లలో బతికే జీవి నీళ్లలోనే మునిగి చనిపోతుంది.

సముద్రాన్ని చూస్తూ మామ 2004 డిసెంబర్ 26 సంగతెత్తాడు. సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల కదిలింది, రెండున్నర గంటల్లో అల ఈ తీరానికొచ్చింది. ఎందుకంత టైమంటే, సునామీ వేగం సముద్రం లోతుని బట్టి ఉంటుంది, తప్పదు. ఆ తప్పకపోవడం మీదే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2007 నుంచి హెచ్చరికలు నడుపుతోంది. భూమి కదలగానే అల ఏ ఊరికి ఎన్నింటికొస్తుందో లెక్క కడతారు. మనుషుల్ని చంపిన క్రమమూ అదే, ఇప్పుడు కాపాడుతున్న క్రమమూ అదే. దానికి మన మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. అది తెలుసుకున్నవాడికి మాత్రం రెండు గంటలు దొరుకుతాయి.

రాత్రి ఉత్తరంగా ఒక పట్టపుపాళెం దాటి నడిచాం, తాబేళ్ల గుడ్లు కాపాడే కుర్రాళ్లతో. జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. పెట్టేటప్పుడు కళ్లలో నీళ్లు కారతాయి. ఊళ్లో ముసలమ్మలు తల్లి ఏడుస్తోందంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని బయటికి పంపే గ్రంథి అది, సముద్రంలో ఉన్నప్పుడూ కారుతుంది, మనకి కనిపించదు అంతే. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. ఎండలు ఇలాగే పెరిగితే మగవి కరువవుతాయని శాస్త్రవేత్తల భయం.

కుక్కలు, నక్కలు తవ్వకుండా గుడ్లని తెచ్చి కంచె వేసిన చోట పూడుస్తారు. సుమారు 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. మేం వెళ్లిన రాత్రి సీజన్‌లో మొదటి గూళ్లలో ఒకటి విచ్చుకుంది. అరచేతిలో సగం లేని పిల్లలు, బిస్కెట్ ప్యాకెట్ చింపినట్టు ఇసుకలోంచి గుంపుగా పొర్లి వచ్చాయి. నేను ఫోన్ తీస్తే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫ్లాష్ వద్దన్నా, దారి తప్పతాయి." అందుకే ఆ ఫొటో మీకు ఈ పేజీలో కనిపించదు.

పిల్లకి తల్లి లేదు, చెప్పేవాళ్లు లేరు. దానికి తెలిసింది ఒకటే: ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు నడువు. లక్షల ఏళ్లుగా రాత్రిపూట తీరంలో వెలుతురుండేది సముద్రం వైపే, నీటి మీద నక్షత్రాలు, చంద్రుడు. అద్భుతమైన ఏర్పాటు. ఎల్‌ఈడీ బల్బు వస్తుందని మాత్రం ఆ ఏర్పాటుకి తెలీదు. ముందుచూపు ఉన్న కుమ్మరి అయితే ఈ ఒక్క తప్పు చేయడు. జరిగిపోయిన రాత్రులతో తయారైన జల్లెడ అయితే ఇంతకంటే చేయలేదు.

ముప్పై, నలభై పిల్లలు సరిగ్గానే అలల వైపు పాకాయి. ఒక ఏడెనిమిది ఆగి, తల ఎత్తి, వెనక్కి తిరిగాయి. సరుగుడు తోట సందులోంచి దూరంగా తెల్లటి లైట్ల వరస, రొయ్యల చెరువులవి. నేను వాటి వైపు చూశాను, తర్వాత మామ వైపు. కుర్రాళ్లు ఏమీ అనలేదు. ఒకడు వంగి పిల్లల్ని మెల్లగా అటు తిప్పుతున్నాడు. తిప్పినా ఒకటి మళ్లీ ఇటే వస్తోంది.

మామ కాస్త పక్కకెళ్లి, స్క్రీన్ వెలుగు పడకుండా చొక్కాలో పెట్టుకుని ఫోన్ చేశాడు.

"రేయ్, తూర్పు గట్టు మీద లైట్లు ఆపేయ్. ఆఁ, అన్నీ. ఎంతసేపా? నేను చెప్పేదాకా."